పాత చీర ముక్కలు సాగకుండా బొంత కుట్టాలంటే కింద కాగితం పెట్టండి

మెత్తబడిన నూలు చీరను ముక్కలు చేసి బొంత కుట్టిన వాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. కత్తిరించేటప్పుడు నలుచదరంగా ఉన్న ముక్క మిషన్ పాదం కింద నుంచి బయటికొచ్చేసరికి ఒక మూల సాగి, ఇంకో మూల ముడుచుకుపోయి ఉంటుంది. పది వరసలు కలిపాక కొలిస్తే ఒక వైపు 40 అంగుళాలు, ఎదురు వైపు 42. పరిచి చూస్తే మధ్యలో బుడగలాగా లేచి ఉంటుంది, ఎంత ఇస్త్రీ చేసినా కూర్చోదు. మా అక్క కూతురి బిడ్డ కోసం కుట్టిన మొదటి బొంత నాకు ఇలాగే వచ్చింది, రెండు రోజులు కూర్చుని మొత్తం విప్పాను. ఆ తర్వాత నుంచి నేను ముక్కల కింద కాగితం పెట్టి కుడుతున్నాను. తేడా మొదటి రోజే తెలిసింది.

మా అవ్వ బొంతలకు ఈ గొడవ లేదు, ఎందుకంటే ఆమె ముక్కలు కత్తిరించలేదు. నాలుగైదు పాత చీరలు మడతల మీద మడతలుగా నేల మీద పరిచి, అంచుల నుంచి తీసిన దారంతోనే ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు కుట్టు వేసేది. నిండు చీర సాగదు. మనకిప్పుడు రంగురంగుల ముక్కలతో చుక్కలు, నక్షత్రాలు, తేనెపట్టు గళ్లు కావాలి, అందుకని బట్టను అడ్డంగా, ఏటవాలుగా కోస్తున్నాం. ఏటవాలుగా కోసిన అంచు ఊరికే సాగుతుంది, అది నేత గుణం, మన చేతి తప్పు కాదు. కింద ఒక కాగితం పెట్టి, బట్టను ఆ కాగితానికే కుట్టేస్తే సాగడానికి దారి ఉండదు. పని అయ్యాక కాగితం చించేస్తాం. ఇంతే దీని సూత్రం.

మొన్న మిషన్ రిపేరుకు ఇస్తే చేసే ఆయన పాదం కింద కాగితం ముక్క చూసి, "ఏందిమా, కాగితం మింద కుడతా ఉండావా, మిషన్ చెడిపోద్ది" అన్నాడు. చెడిపోదు. కాగితం సూదిని బట్ట కంటే తొందరగా మొద్దు చేస్తుంది, కాగితం పొడి బాబిన్ కింద చేరుతుంది, అంతవరకు నిజం. అందుకని కాగితానికి ఒక సూది విడిగా పెట్టుకోండి, ప్రతి నాలుగైదు గళ్లకు (కాగితం మీద కుట్టిన ఒక్కో చదరం ఒక గడి) ఒకసారి బాబిన్ కేసు తీసి పాత టూత్ బ్రష్‌తో ఆ పొడి దులపండి, చివర్లో ఒక చుక్క నూనె వేయండి. నా నల్ల మిషన్ మా అమ్మ కాలం నాటిది, ఈ పనిలో ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

ఇక కాగితాల సంగతి. మనిళ్లలో కాగితానికి కరువు లేదు, కానీ ప్రతి కాగితం దీనికి పనికిరాదు. ఒకటి చేతిలోకి తీసుకున్నప్పుడు నేను మూడు చూస్తాను: కుట్టు మీద తేలిగ్గా చిరుగుతుందా, ఇస్త్రీ పెట్టె తగిలితే ఏమవుతుంది, రంగు బట్టకు అంటుతుందా.

న్యూస్ పేపర్ అన్నింటికంటే బాగా చిరుగుతుంది. పల్చగా, మెత్తగా ఉంటుంది, కుట్టు వెంబడి గీత గీసినట్టు ఊడొస్తుంది. దాని చిక్కంతా సిరాతోనే. ఈ రోజు పొద్దున వచ్చిన పేపరు అసలు వాడొద్దు. అటక మీద మూడు నాలుగు నెలలు ఉన్న కట్ట తీయండి, ఆ పాత కాగితం మీద తెల్లటి తడి గుడ్డ ముక్క పెట్టి వేలితో నాలుగుసార్లు రుద్ది చూడండి. గుడ్డ మీద బూడిద రంగు మరక పడితే దాన్ని ముదురు రంగు చీర ముక్కలకు మాత్రమే ఉంచండి. సినిమా ప్రకటనల రంగుల పేజీ కంటే క్లాసిఫైడ్స్ పేజీ నయం, అక్కడ సిరా పల్చగా ఉంటుంది. ఇస్త్రీ ఎప్పుడూ బట్ట వైపు నుంచే చేయాలి, ఆవిరి, నీళ్లు రెండూ వద్దు. అమెరికాలో 1930ల నాటి కరువు రోజుల్లో ఆడవాళ్లు ఇలాగే పాత పత్రికల మీద, సరుకుల కేటలాగు పేజీల మీద గుడ్డ పీలికలు కుట్టి దుప్పట్లు చేసుకున్నారు. వాళ్లది, మన అవ్వలది ఒకటే అవసరం.

నా మటుకు నాకు ఇష్టమైన కాగితం మందుల డబ్బాలో మడతపెట్టి ఉండేది. టానిక్కు సీసా చుట్టూ, ఇన్సులిన్ పెట్టెలో చిన్న అక్షరాలతో పొడుగ్గా వస్తుంది చూడండి, అది. మా ఇంట్లో నెలనెలా వచ్చే బీపీ, షుగరు మందుల్లో నుంచే బోలెడు దొరుకుతాయి. ఉల్లిపొర లాగా పల్చగా ఉంటుంది, వెలుతురుకి పెడితే అవతలి గీత కనబడుతుంది, గట్టిగా ఉంటూనే తేలిగ్గా చిరుగుతుంది. మడతలు ఎక్కువుంటాయి కాబట్టి ముందుగా ఒకసారి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టెతో చదును చేసుకోవాలి. సన్నటి నక్షత్రం లాంటి డిజైన్లకు దీన్ని మించింది నాకు దొరకలేదు.

పిల్లల పాత నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు బాగా పనికొస్తాయి. వాటి గీతలే మనకు కొలతలు. గ్రాఫు పుస్తకం అయితే ఇంకా మేలు, స్కేలు పెట్టకుండానే గడులు గీసుకోవచ్చు. రాసిన పేజీలు వాడేటట్టయితే జెల్ పెన్ను రాతలున్నవి పక్కన పెట్టండి, తడి తగిలితే దిగుతాయి. పెన్సిల్ రాతలైతే పరవాలేదు, అయినా లేత రంగు బట్ట కిందికి వద్దు. ప్రింటరు కాగితం ఏ4 సైజు కాస్త మందం, చించేటప్పుడు కుట్లు లాగుతుంది, కానీ ఇంకేమీ లేకపోతే చాలు. దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిదింపావు అంగుళాలు. కింద చెప్పబోయే ఎనిమిదిన్నర అంగుళాల గడి దీంట్లో రాదు, ఎనిమిదికే కోసుకోండి. లేజర్ ప్రింట్ ఉన్న కాగితం అయితే అచ్చు వైపు ఇస్త్రీ పెట్టె పెట్టొద్దు, దాని సిరా పొడి కరిగి పెట్టె అడుగుకు అంటుకుని తర్వాతి తెల్ల చొక్కా మీద ముద్ర పడుతుంది.

క్యాలెండరు కాగితం నున్నగా, పెద్దగా ఉంటుంది, పెద్ద గళ్లకు బాగుంటుంది. నెల అయిపోగానే చించినవి నేను మంచం కింద చదునుగా దాస్తాను. దేవుడి బొమ్మ ఉన్నవి మాత్రం దీనికి తీయను. ఆ కాగితాన్ని పాదం కింద పెట్టి, ముక్కలుగా చించాల్సి వస్తుంది, నాకు మనసొప్పదు.

శుభలేఖల పని వేరు. అవి మందం, మిషన్ కింద పెట్టి చించడానికి కాదు, చేత్తో కుట్టే తేనెపట్టు గళ్లకు, బట్టను మీదికి మడిచే అచ్చులుగా వాడాలి. ఒక్కో అచ్చు ఐదారుసార్లు వాడుకోవచ్చు. పెళ్లిళ్ల సీజన్ అయిపోయేసరికి ఎవరింట్లోనైనా ఒక కట్ట ఉంటుంది. కోసే ముందు నాలుగు మూలలూ చూడండి, పసుపు రాసి ఉంటుంది. ఆ పసుపు చెమట చేతికి అంటి అక్కడి నుంచి తెల్ల బట్టకు చేరితే ఉతికినా పోదు, అందుకని పసుపున్న మూలలు ముందే కత్తిరించేయండి. బంగారు రంగు రేకు అచ్చు వేసిన చోటు కూడా వదిలేసి లోపలి సాదా అట్ట వాడండి, ఆ రేకు పొడిలాగా రాలుతుంది.

వాడకూడనివి కూడా చెప్పాలి. సూపర్ మార్కెట్ బిల్లు సన్నగా పొడుగ్గా ఉంది కదా, అంచు పట్టీకి సరిపోతుందని నేనొకసారి పెట్టాను. ఇస్త్రీ పెట్టె తగలగానే బిల్లు మొత్తం నల్లగా మారిపోయింది, నేను గీసుకున్న పెన్సిల్ గీత కనబడలేదు. ఆ కాగితం మీద వేడికి నల్లబడే పూత ఉంటుంది, బ్యాంకు మిషన్లో వచ్చే చీటీ కూడా అంతే. పసిబిడ్డ మీద కప్పే దానికి ఆ రసాయనం దగ్గరికి రానీయొద్దు. ఇడ్లీ, బిరియాని పార్సిలు కట్టే కాగితం ఒక మూల చించి చూడండి, చిరిగిన చోట పల్చటి ప్లాస్టిక్ పొర సాగుతూ కనబడితే అది వేడికి కరుగుతుంది. మైనం పూత ఉన్నవి కూడా వద్దు.

బట్ట ఎలాంటిది? నూలు చీర అయితే ముందు ఉతికి, పల్చగా గంజి పెట్టి, ఇస్త్రీ చేయండి. మా వైపు నెల్లూరు జిల్లా పాటూరు నేత చీరలు, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన వెంకటగిరి చీరలు చాలా ఇళ్లలో ఉంటాయి. వెంకటగిరి నూలు సన్నం, పాతబడ్డాక పొగలాగా మెత్తగా ఉంటుంది, కాగితం లేకుండా దాన్ని ముక్కలుగా కుట్టడం చాలా కష్టం. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి చూడండి, నేత విడిపోయి జాలీలాగా కనబడితే ఆ భాగం చివికిపోయినట్టు. సాధారణంగా చీరలో మోకాళ్ల దగ్గర వచ్చే భాగం ముందు చివుకుతుంది, పైట చెంగు, లోపల దోపుకునే చివర గట్టిగా ఉంటాయి. టైలరు దగ్గర జాకెట్ల ముక్కలు ఊరికే దొరుకుతాయి, కానీ ఒకే గడిలో నూలు, సిల్కు, పాలిస్టరు కలపొద్దు, ఉతికాక ఒకటి ముడుచుకుని ఇంకోటి అలాగే ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్లు పీలికల గడితో మొదలుపెట్టండి. పసిబిడ్డకు 40 అంగుళాల చదరం బొంత కావాలనుకోండి. కుట్టాక ఎనిమిది అంగుళాలొచ్చే గళ్లు ఐదు వరసలు, వరసకు ఐదు, మొత్తం 25. ఒక్కో గడికి ఎనిమిదిన్నర అంగుళాల కాగితం కోయాలి, చుట్టూ పావు అంగుళం కుట్టులో పోతుంది. న్యూస్ పేపరు ఒక పేజీకి రెండు వస్తాయి.

కాగితం మీద ఒక మూల నుంచి ఎదురు మూలకు పెన్సిల్‌తో గీత గీయండి. రెండంగుళాల వెడల్పు పీలిక ఒకటి ఆ గీత మీదుగా, మంచి వైపు పైకి ఉండేలా పరచండి. పీలిక చివరలు మూలల బయటికి అర అంగుళం పొడుచుకుని రావాలి. దాని మీద రెండో పీలిక, ఈసారి మంచి వైపు కిందికి, కుడి అంచులు రెండూ కలిసేలా పెట్టి, అంచు నుంచి పావు అంగుళం లోపల కుట్టండి. బట్ట రెండు పొరలు, కింద కాగితం, మూడూ కలిసి కుట్టు పడాలి. ఇప్పుడు పై పీలికను కుడి వైపుకు తిప్పి, ముందు గోటితో మడత గట్టిగా నొక్కి, తర్వాత ఇస్త్రీ పెట్టండి. ఈ నొక్కడం చాలామంది వదిలేస్తారు, అక్కడ కొంచెం బట్ట మడతలో దాక్కుంటే గడి చివరికి చేరేసరికి చిన్నదైపోతుంది. మళ్లీ ఇంకో పీలిక, తిప్పడం, నొక్కడం, ఇలా ఆ మూల నిండేవరకు. తర్వాత కాగితం తిప్పి ఎడమ సగం. పీలికలన్నీ ఒకే వెడల్పు ఉండక్కర్లేదు, ఒకటి అంగుళం, ఒకటి రెండున్నర ఉంటేనే చూడటానికి బాగుంటుంది. ముక్కాలంగుళం కంటే సన్నం మాత్రం వద్దు, రెండు కుట్లలో అంతా పోయి పావు అంగుళమే మిగులుతుంది.

కుట్టు సైజు గురించి జాగ్రత్త. మామూలు జాకెట్ కుట్టు ఇక్కడ పనికిరాదు. అంగుళానికి 15, 16 కుట్లు పడేలా చిన్నది చేయండి, కొత్త మిషన్ల మీద అది ఒకటిన్నర దగ్గర ఉంటుంది. సూది 16 నంబరు. కుట్లు దగ్గరగా, రంధ్రాలు పెద్దగా ఉంటే కాగితం మీద తపాలా బిళ్లల మధ్య ఉండే చిల్లుల వరస లాగా తయారవుతుంది, చించేటప్పుడు అక్కడే విడిపోతుంది. ఇంతకంటే చిన్న కుట్టు పెట్టొద్దు, తప్పు జరిగి విప్పాల్సి వస్తే ఏడుపొస్తుంది, పైగా చిల్లులు కలిసిపోయి కాగితం ముందే ఊడిపోతుంది. నల్ల మిషన్ పాదం సన్నం కాబట్టి దాని అంచును పావు అంగుళం అనుకోవద్దు. సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేటు మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించుకోండి, బట్ట అంచు ఆ టేపు వెంబడి నడిపించండి.

గడి నిండాక కాగితం వైపు పైకి తిప్పి, కాగితం అంచు వెంబడి బయటికొచ్చిన బట్టంతా కోసేయండి. అప్పటిదాకా చిందరవందరగా ఉన్నది ఒక్కసారిగా నాలుగు మూలలు తీర్చిన గడి అవుతుంది. నాకు ఈ పనిలో అన్నింటికంటే సంతోషం ఇచ్చేది ఆ కత్తెర వేసే నిమిషమే. ఏ చీర ముక్కైనా, ఎంత వంకరగా కోసుకున్నా, 25 గళ్లూ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలుస్తాయి.

కాగితం ఎప్పుడు తీయాలి? గడి అవగానే తీసేయాలని చేతులు దురదపెడతాయి, తీయొద్దు. గడి అంచులన్నీ ఏటవాలు కోతే, కాగితం తీస్తే మళ్లీ సాగుతాయి. నాలుగు పక్కలా వేరే గడి అతికాకే మధ్యలో ఉన్న దాని కాగితం తీయండి. తీసే పద్ధతి ఇది: కుట్టు గీత వెంబడి కాగితాన్ని వెనక్కి మడిచి గోటితో గట్టిగా గీయండి, ఎడమ బొటనవేలితో కుట్టు చివర అదిమిపట్టండి, కుడి చేత్తో రోజువారీ క్యాలెండరు కాగితం చించినట్టు పక్కకు లాగండి. నిలువుగా పైకి లాగితే కుట్లు వదులవుతాయి. రెండు కుట్లు కలిసే మూలల్లో చిన్న చిన్న పోగులు మిగులుతాయి, పట్టకారుతో తీయొచ్చు. ఇంకా రానివి ఉంటే, సిరా లేని కాగితమైతే తడి వేలితో తాకండి, నానిపోయి వచ్చేస్తాయి.

కొందరు కాగితం లోపలే వదిలేస్తారు. మన ఊళ్లో అది కుదరదు. కార్తీకంలో వానలు పట్టుకున్నప్పుడు బీరువాలో బట్టలకే తేమ వాసన వస్తుంది, ఇక మధ్యలో కాగితం, గంజి ఉంటే పురుగు ఊరుకోదు. చలి దేశాల్లో వదిలేసినవి మాత్రం చరిత్రకు పనికొచ్చాయి. ఇంగ్లండులో 1718 అని సంవత్సరం కుట్టి ఉన్న ఒక పట్టు ముక్కల దుప్పటి ఉంది, అక్కడి క్విల్టర్స్ గిల్డ్ (బొంతలు కుట్టేవాళ్ల సంఘం) వాళ్ల దగ్గర భద్రంగా ఉంది, దాని వెనక ఆ కాగితపు అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. మూడు వందల ఏళ్ల క్రితం కూడా ఎవరో ఇంట్లో చేతికందిన కాగితం కోసి దాని మీద బట్ట మడిచి కుట్టారు. ఆ పద్ధతే మనం శుభలేఖ అట్టలతో చేసేది.

దీనికి మిషన్ అక్కర్లేదు, టీవీ చూస్తూ, బస్టాండులో కూర్చుని కూడా చేసుకోవచ్చు. తేనెపట్టు గడి అంటే ఆరు పక్కల ఆకారం. వృత్తలేఖిని లేకపోతే గాజు తీసుకోండి. 2-6 సైజు గాజు లోపలి అంచు వెంబడి పల్చటి కాగితం మీద గుండ్రంగా గీయండి. 2-6 అంటే రెండంగుళాలు, మీద అంగుళంలో 16వ వంతులు ఆరు, మొత్తం 2.375 అంగుళాల అడ్డకొలత. గుండ్రాన్ని కోసి సగానికి మడవండి, ఆ సగాన్ని పొట్లం చుట్టినట్టు మూడు సమాన మడతలు పెట్టండి. విప్పితే మధ్యలో కలిసే మూడు గీతలు, అంచు మీద ఆరు కొసలు కనబడతాయి. పక్కపక్క కొసలను స్కేలుతో కలపండి, ఆరు పక్కలూ సమానంగా, ఒక్కోటి మూడు సెంటీమీటర్ల చొప్పున వస్తాయి. ఆ గీతల వెంబడి కోసి, దీన్ని శుభలేఖ అట్ట మీద పెట్టి సన్నటి పెన్సిల్‌తో గీసి కోయండి. పెన్సిల్ లావైతే ఒక్కో అచ్చు వెంట్రుకవాసి పెరుగుతూ పోతుంది, యాభై అచ్చులకు అది చాలా తేడా. అన్నీ మొదటి అచ్చు పెట్టే గీయండి, దాన్ని చూసి గీసిన దాన్ని పెట్టి కాదు.

బట్ట మూడంగుళాల చదరం ముక్క చాలు. అచ్చును వెనక వైపు మధ్యలో పెట్టి, చుట్టూ పావు అంగుళం వదిలి కోసి, ఆ అంచును అట్ట మీదికి మడిచి, మూలమూలకూ బట్ట మడతల్లోనే ఒక టాకా వేసుకుంటూ వెళ్లండి. సూది అట్టలో గుచ్చుకోకూడదు, అప్పుడే తర్వాత అట్ట సులువుగా జారి వస్తుంది, టాకాలు విప్పే పని కూడా ఉండదు. రెండు గళ్లు మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, అంచు దగ్గర నాలుగైదు పోగులు మాత్రమే పట్టేలా చుట్టుకుట్టు వేయండి. దారం మైనం ముక్క మీద ఒకసారి లాగితే ముడులు పడవు. బట్ట రంగుతో కలిసే దారమే ఎంచుకోండి, లేకపోతే కుట్లు ముందు వైపు పళ్లలాగా కనబడతాయి. ఒక గడికి ఆరు వైపులా పొరుగు గడి అతికాక అట్ట మధ్యలో సూదిమొనతో ఎత్తి తీసేయండి. మూలలు నలిగిపోయిన అచ్చును ఇక వాడొద్దు.

పైభాగం అయిపోయాక మధ్యలో దూది దుప్పటి అక్కర్లేదు, మన ఎండలకు ఒక పాత నూలు దుప్పటి చాలు. దాని కింద నిండు చీర మడత వేసి, మూడూ కలిపి పరుగు కుట్టు. మొదటి ఉతుకు విడిగా, చల్లటి నీళ్లలో, ఎక్కువ పిండకుండా చేయండి. బకెట్టులో తెల్లటి కాగితం నలుసులు తేలితే కంగారు పడకండి, ఇంకో నీళ్లలో జాడించి నీడన ఆరేయండి.